మీడియం ఫార్మాట్ కెమెరాలో అద్దం మొరాయిస్తే: హాసెల్‌బ్లాడ్, మామియా ఆర్‌బీ67, పెంటాక్స్ 67 వాడేవాళ్లకు మార్గదర్శి

ఫైండర్‌లోకి చూస్తే అంతా చీకటి, షట్టర్ బటన్ నొక్కితే కదలదు, వైండ్ చేద్దామంటే క్రాంక్ తిరగదు. పాత 120 ఫిల్మ్ (35 ఎంఎం కన్నా వెడల్పైన రోల్ ఫిల్మ్) కెమెరా కొత్తగా చేతికొచ్చిన వాళ్లలో చాలామందికి టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది. అద్దం ఇరుక్కుపోయిందనుకుని లెన్స్ ఊడదీసి వేలితో కిందికి నొక్కడానికి చూస్తారు. దయచేసి ఆ పని చేయకండి. చాలాసార్లు అద్దం బాగానే ఉంటుంది. దాని ముందో వెనకో ఉన్న ఇంకో భాగం తన పని పూర్తి చేయక, అద్దాన్ని అక్కడ ఆపేసి ఉంటుంది. ఆ భాగం ఏదో పట్టుకుంటే సగం కేసులు స్క్రూడ్రైవర్ ముట్టకుండానే తేలిపోతాయి.

ముందు మీ కెమెరా ఏ జాతిదో తేల్చుకోండి

హాసెల్‌బ్లాడ్ 500సీ/ఎం, మామియా ఆర్‌బీ67, బ్రోనికా ఈటీఆర్‌ఎస్, ఎస్‌క్యూ-ఏ లాంటి వాటిలో షట్టర్ లెన్స్ లోపల ఉంటుంది. మీరు ఫోకస్ చేస్తున్నంతసేపూ ఆ షట్టర్ తెరిచే ఉంటుంది, లేకపోతే అద్దం మీద వెలుతురు పడదు కదా. అందుకని ఫిల్మ్‌ను కాపాడడానికి వెనకాల ఇంకో అడ్డు కావాలి. హాసెల్‌బ్లాడ్‌లో అది బాడీ వెనక ఉండే రెండు రెక్కలు. బటన్ నొక్కగానే లెన్స్‌లోని షట్టర్ మూసుకుంటుంది, అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) మీరు పెట్టిన నంబర్‌కి దిగుతుంది, అద్దం పైకి లేస్తుంది, రెక్కలు తెరుచుకుంటాయి, అప్పుడు షట్టర్ మీరు పెట్టిన స్పీడ్‌కి తెరుచుకుని మూసుకుంటుంది. ఇవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వరుసగా జరుగుతాయి, ఎక్కడ తెగినా మిగతాదంతా ఆగిపోతుంది.

ఈ జాతి కెమెరాల్లో ఫొటో తీశాక అద్దం పైనే ఉండిపోతుంది, మళ్లీ వైండ్ చేస్తేనే కిందికొస్తుంది. 35 ఎంఎం ఎస్ఎల్ఆర్ వాడి వచ్చినవాళ్లు ఇది చూసి చెడిపోయిందనుకుంటారు. కాదు, దాని తీరే అంత.

పెంటాక్స్ 67 వేరే జాతి. అందులో షట్టర్ ఫిల్మ్ ముందు పరదాలా ఉంటుంది, ఫొటో అవగానే అద్దం తనంతట తానే దిగిపోతుంది. కాబట్టి పెంటాక్స్‌లో ఫైండర్ నల్లగా ఉండిపోతే మాత్రం ఏదో జరిగిందనే అర్థం. పెంటాకాన్ సిక్స్ మధ్యరకం: షట్టర్ పరదాదే, కానీ అద్దం వైండ్ చేస్తేనే దిగుతుంది. మీ మోడల్ మాన్యువల్ పీడీఎఫ్ నెట్‌లో దొరుకుతుంది, అద్దం ఎప్పుడు దిగాలో అందులో ఒక్కసారి చూసుకోండి. ఆ ఒక్క సంగతి తెలియకుండా రిపేర్ మొదలుపెట్టడంలో అర్థం లేదు.

పనిముట్లు ముట్టకముందు చూడాల్సినవి

డార్క్ స్లైడ్ (మ్యాగజైన్‌లో, అంటే ఫిల్మ్ ఉండే వెనక డబ్బాలో, వెలుతురు పడకుండా దూర్చే పలుచని రేకు) లోపలే ఉందా? హాసెల్‌బ్లాడ్, ఆర్‌బీ67 రెండూ డార్క్ స్లైడ్ తీయనిదే షట్టర్ వదలవు. "బటన్ బిగుసుకుపోయింది" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే. తర్వాత, షట్టర్ బటన్ చుట్టూ లాక్ రింగ్ ఉందేమో చూడండి. ఆర్‌బీ67లో ఉంటుంది, సంచిలో రాసుకుని తిరిగిపోతుంది. ఆ తర్వాత వైండ్ పూర్తయిందా లేదా. సగంలో ఆగిన క్రాంక్, పూర్తిగా నొక్కని కాకింగ్ లివర్ (షట్టర్ స్ప్రింగ్‌ని బిగించి సిద్ధం చేసేది) అద్దాన్ని మధ్యలో వదిలేస్తాయి. చివరగా బ్యాటరీ, మీ కెమెరాకి ఉంటే. కొత్తది వేసి చూడండి, పాతది "మొన్నే వేశాను" అని వదిలేయకండి.

ఈ నాలుగూ చూశాక కూడా కదలకపోతే బలం పెట్టకుండా కింద మీ కెమెరా భాగానికి వెళ్లండి. గట్టిగా తిప్పితే క్రాంక్ తిరుగుతుంది కూడా, తిరిగేటప్పుడు లోపల ఒక పన్ను విరుగుతుంది. అప్పటివరకు ఉచితంగా బాగయ్యే సమస్య అప్పుడు ఖరీదైనదవుతుంది.

హాసెల్‌బ్లాడ్ 500సీ/ఎం: ఫైండర్ నల్లగా ఉంది, కానీ ఫొటో తీయలేదు

కుడివైపు క్రాంక్ కింద ఒక చిన్న లివర్ ఉంటుంది, అద్దాన్ని ముందే పైకి లేపడానికి. ట్రైపాడ్ మీద పని చేసేవాళ్లకి చాలా మంచి సదుపాయం, కానీ కెమెరా పట్టుకునేటప్పుడు వేలు తగిలి లేచిపోతుంది. అలా లేచాక వైండ్ చేయబోతే క్రాంక్ తిరగదు, ఎందుకంటే ఫొటో ఇంకా తీయలేదు. తీస్తే సరిపోతుంది: షట్టర్ నొక్కండి, వైండ్ చేయండి, అద్దం దిగుతుంది. ఫ్రేమ్ వృథా చేయడం ఇష్టం లేకపోతే డార్క్ స్లైడ్ పెట్టి మ్యాగజైన్ ఊడదీయండి, ఒట్టి బాడీతో షట్టర్ నొక్కి వైండ్ చేయండి, మళ్లీ మ్యాగజైన్ తగిలించండి. ఫిల్మ్ ఒక్క ఫ్రేమ్ కూడా కదలదు. అద్దం అలా ముందే లేచి ఉన్నప్పుడు లెన్స్ మాత్రం విప్పబోకండి. కింద చెప్పబోయే అసలు చిక్కుకి అది దగ్గరి దారి.

హాసెల్‌బ్లాడ్: నిజంగా జామ్ అయితే

లెన్స్ రాదు, క్రాంక్ తిరగదు, బటన్ దిగదు. దీనికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: బాడీ ఒక స్థితిలో, లెన్స్ ఇంకో స్థితిలో ఉన్నాయి. బాడీ నుంచి వచ్చే చిన్న షాఫ్ట్ లెన్స్ వెనక ఉన్న గాడిలో కూర్చుని లెన్స్ షట్టర్‌ని కాక్ చేస్తుంది. రెండూ కాక్ అయి ఉన్నప్పుడే తగిలించాలి, రెండూ కాక్ అయి ఉన్నప్పుడే విప్పాలి. ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (దగ్గరి ఫొటోల కోసం బాడీకీ లెన్స్‌కీ మధ్య పెట్టే గొట్టం) వాడేటప్పుడు ఇది ఎక్కువగా తప్పుతుంది. ట్యూబ్‌ని ముందు బాడీకి, ఆ తర్వాత లెన్స్‌ని ట్యూబ్‌కి తగిలించండి. తీసేటప్పుడు ముందు లెన్స్, తర్వాత ట్యూబ్.

విడిపించే పద్ధతి ఇది. కంగారు లేకుండా, మంచి వెలుతురులో, బల్ల మీద మెత్తని గుడ్డ పరిచి కూర్చోండి.

1. డార్క్ స్లైడ్ పెట్టి మ్యాగజైన్ తీసేయండి. బాడీ వెనక రెండు రెక్కలు కనిపిస్తాయి, మూసుకుని ఉంటే వేలితో మెల్లగా లోపలికి తెరిచి పట్టుకోండి.

2. టార్చ్ వేసి లోపలికి చూడండి. ముందు గోడలో, లెన్స్‌కి వెళ్లే షాఫ్ట్ చివర స్క్రూ తలలాంటి గాడి కనిపిస్తుంది.

3. పొడవాటి, చదును మొన ఉన్న స్క్రూడ్రైవర్ తీసుకోండి. మొన గాడి వెడల్పుకి సరిపోవాలి, సన్నగా ఉంటే జారి లెన్స్ వెనక గాజుకి తగులుతుంది. కడ్డీకి మొన వరకూ ఇన్సులేషన్ టేప్ చుట్టండి. అద్దానికి గీత పడకుండా కాపాడేది ఆ టేపే, బద్ధకించకండి.

4. మొన గాడిలో నిలిచాక గడియారం తిరిగే దిక్కుగా తిప్పండి. స్ప్రింగ్ బిగువు చేతికి తెలుస్తుంది, అది ఉండాల్సిందే. దాదాపు ఒక చుట్టు అయ్యేలోపు "క్లిక్" మని ఆగుతుంది. ఆగిన తర్వాత ఒక్క పిసరు కూడా తిప్పవద్దు.

5. ఇప్పుడు లెన్స్ కాక్ అయింది. లెన్స్ రిలీజ్ బటన్ నొక్కి మామూలుగా విప్పండి.

6. ఒట్టి బాడీని క్రాంక్‌తో ఆగేవరకు వైండ్ చేయండి. లెన్స్ వెనక షాఫ్ట్ గాడి పక్కనున్న చుక్కకి ఎదురుగా ఉందో లేదో చూసుకుని, అప్పుడు తగిలించండి.

విడిగా ఉన్న లెన్స్ షట్టర్ వదిలేసి ఉంటే, దాని గాడిని కూడా ఇలాగే నాణెంతోనో స్క్రూడ్రైవర్‌తోనో తిప్పి కాక్ చేయొచ్చు. క్లిక్ వినపడకపోయినా, గాడి ఊరికే తిరుగుతున్నా అక్కడితో ఆపేయండి. అది మెకానిక్ పని.

హాసెల్‌బ్లాడ్ గురించి ఇంకో మాట. 150, 250 ఎంఎం లెన్స్ పెట్టినప్పుడు ఫైండర్ పైభాగం నల్లగా కోసుకుపోయినట్టు కనిపిస్తుందని అద్దం జరిగిందేమో అని భయపడతారు. పాత బాడీల్లో అద్దం చిన్నది, అంతే. ఫిల్మ్ మీద ఫొటో పూర్తిగానే వస్తుంది. తర్వాత వచ్చిన 503సీడబ్ల్యూ, 501సీఎంలలో వెనక్కి జారే పెద్ద అద్దం పెట్టి దీన్ని సరిచేశారు.

మామియా ఆర్‌బీ67: అద్దం లేస్తుంది, ఫొటో రాదు

1970లో వచ్చిన ఈ కెమెరా పూర్తిగా మెకానికల్, బ్యాటరీ గొడవే లేదు. అందుకే నాకు దీని మీద నమ్మకం ఎక్కువ, చిక్కు ఎక్కడుందో కంటితో చూసి తెలుసుకోవచ్చు. ఇందులో అద్దాన్ని దింపి షట్టర్‌ని కాక్ చేసేది పక్కనున్న పెద్ద లివర్, ఫిల్మ్ తిప్పేది వెనక మ్యాగజైన్ మీద వేరే లివర్. రెండు పనులూ విడివిడిగా చేయాలి. ప్రో-ఎస్ మోడల్ వెనక ఫిల్మ్ తిప్పకపోతే షట్టర్ వదలదు. ఫిల్మ్ లేకుండా పరీక్షించాలంటే మల్టిపుల్ ఎక్స్‌పోజర్ లివర్ వాడండి.

అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది లెన్స్ మీద ఉండే "ఎన్", "ఎం" నాబ్. ఎన్ అంటే మామూలు. ఎం మీద ఉంటే బాడీ బటన్ అద్దాన్ని మాత్రమే లేపుతుంది, షట్టర్‌ని లెన్స్‌కి బిగించిన కేబుల్ రిలీజ్‌తో (చివర నొక్కితే షట్టర్‌ని వదిలే తీగ) విడిగా వదలాలి. ఆ నాబ్ ఎం మీదకి తిరిగిపోయి ఉంటే ఢామ్మని అద్దం చప్పుడు వస్తుంది, మీరు ఫొటో తీశాననుకుంటారు, కడిగిన తర్వాత రోల్ అంతా ఖాళీ. అంచుల్లో కంపెనీ పేరు, ఫ్రేమ్ నంబర్లు శుభ్రంగా వచ్చి మధ్యలో ఏమీ లేకపోతే డెవలపింగ్ బాగానే జరిగిందన్నమాట, ముందు ఈ నాబ్‌ని అనుమానించండి. ఇప్పుడు అద్దం లేచి ఆగిపోయి ఉంటే కేబుల్ రిలీజ్ బిగించి నొక్కండి, కాక్ చేయండి, నాబ్‌ని ఎన్‌కి తెచ్చేయండి.

లెన్స్ మార్చేటప్పుడు ముందు కాక్ చేసి ఆ తర్వాతే రింగ్ వదులు చేయండి. విడిగా కొన్న లెన్స్ కాక్ అయి లేకపోతే దాని వెనకున్న రెండు పిన్నులను కలిపి తిప్పితే కాక్ అవుతుంది.

పెంటాక్స్ 67: అద్దం పైనే ఉండిపోయింది

1969లో పెంటాక్స్ 6×7 పేరుతో మొదలైన ఈ కెమెరా షట్టర్ కరెంటుతో నడుస్తుంది, 6 వోల్టుల బ్యాటరీ కావాలి. బ్యాటరీ బలహీనపడితే బటన్ నొక్కినప్పుడు అద్దం లేస్తుంది కానీ మిగతా పని జరగక అక్కడే ఆగిపోతుంది. చలికాలంలో తెల్లవారుజామున లంబసింగిలో మంచు తీయడానికి వెళ్లినప్పుడు ఇలా జరిగే అవకాశం ఎక్కువ, చలికి బ్యాటరీ నీరసపడుతుంది. ఆల్కలైన్ 4ఎల్ఆర్44 కన్నా సిల్వర్ ఆక్సైడ్ 4ఎస్ఆర్44 మేలు, చివరిదాకా వోల్టేజీ నిలకడగా ఇస్తుంది. ఇంకోటి చొక్కా లోపలి జేబులో వెచ్చగా పెట్టుకోండి.

ఆగిపోయాక చేయాల్సింది: కొత్త బ్యాటరీ వేయండి, కాంటాక్టుల మీద పచ్చగా గాని తెల్లగా గాని పొడి ఉంటే ఇయర్‌బడ్‌తో తుడవండి, బ్యాటరీ చెక్ బటన్ నొక్కి దీపం వెలుగుతుందో చూడండి. తర్వాత బాడీ ముందువైపు లోపలికి దిగి ఉండే చిన్న రీసెట్ బటన్‌ని టూత్‌పిక్‌లాంటి దానితో నొక్కండి. అద్దం దిగుతుంది. బ్యాటరీ మంచిదై ఉండి కూడా రోజూ ఇదే జరుగుతుంటే సమస్య లోపలి విద్యుత్ భాగాల్లో ఉంది, ఇంట్లో తేలదు.

పాత పెంటాక్స్ కొని ఫిల్మ్ లేకుండా నొక్కి చూసి "షట్టరే పని చేయడంలేదు" అనేవాళ్లు ఉన్నారు. కౌంటర్ మొదటి ఫ్రేమ్‌కి చేరనిదే అది పని చేయదు. ఒక పాత రోల్ పెట్టి చూడండి.

ఈ అద్దం పెద్దది, లేచేటప్పుడు ఇచ్చే కుదుపు కూడా పెద్దదే. 1/8 నుంచి 1/60 మధ్య స్పీడుల్లో ట్రైపాడ్ మీద తీసినా ఫొటో వణికినట్టు వస్తుంటే ఫోకస్‌ని నిందించకముందు మిర్రర్ అప్ స్విచ్ (అద్దాన్ని ముందే లేపి ఉంచేది) వాడి అదే ఫొటో మళ్లీ తీయండి. 1976కి ముందు బాడీల్లో ఆ స్విచ్ లేదు, వాటితో అయితే బరువైన ట్రైపాడ్, వేగమైన స్పీడ్ తప్ప దారి లేదు. టీటీఎల్ ప్రిజమ్ (లోపల లైట్ మీటర్ ఉన్న ఫైండర్) మార్చేవాళ్లు ముందు లెన్స్ విప్పి, ప్రిజమ్ పెట్టి, చివరగా లెన్స్ తగిలించండి. ఈ వరుస తప్పితే అపెర్చర్‌ని మీటర్‌కి కలిపే సన్నటి గొలుసు తెగుతుంది.

ఫోమ్: ఆలస్యంగా దిగే అద్దం, స్క్రీన్ మీద నల్ల మరకలు

అద్దం పైకి లేచి తగిలేచోట చప్పుడు, కుదుపు తగ్గడానికి ఫోమ్ పట్టీ ఉంటుంది. ముప్పై నలభై ఏళ్లకి అది గాలిలోని తేమతో కలిసి విడిపోయి తారులా జిగటగా అవుతుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఇంకా ముందే. అద్దం దానికి అంటుకుని ఆలస్యంగా దిగుతుంది, ముక్కలు రాలి అద్దం మీదా స్క్రీన్ (ఫైండర్‌లో బొమ్మ పడే గరుకు గాజు) మీదా పడతాయి.

ఫోమ్ బయటికి కనిపించే మోడల్ అయితే ఇంట్లో మార్చుకోవచ్చు. ముందు అద్దం మీద, చుట్టూ ఉన్న ఖాళీల్లో కాగితం ముక్కలు కప్పండి. వెదురు పుల్లతో పాత ఫోమ్‌ని గీకండి, లోహపు మొన వాడకండి. మిగిలిన జిగురుని ఇయర్‌బడ్‌కి కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి. బడ్ తడిగా ఉండాలే గాని కారకూడదు, చుక్క అద్దం అంచు మీద పడితే లోపలికి పాకి పూతని లేపుతుంది. కొత్త ఫోమ్ మందం పాతదాని అసలు మందం ఎంతో అంతే ఉండాలి. ఎక్కువైతే అద్దం పూర్తిగా లేవక ఫ్రేమ్ అంచు కోసేస్తుంది.

హాసెల్‌బ్లాడ్‌లో ఇంకో ఫోమ్ ఉంది, అద్దం గాజు కిందే. అది అణిగిపోతే అద్దం వెంట్రుకవాసి కిందికి దిగుతుంది. చప్పుడు మారదు, ఏదీ ఇరుక్కోదు, ఫోకస్ మాత్రం తప్పుతుంది. అన్నిటిలో నేను భయపడేది దీనికే, ఎందుకంటే మీ కళ్లు చూసింది నిజమని నమ్మి రోల్ మీద రోల్ పాడుచేసుకుంటారు.

ఫోకస్ తప్పుతోందా, పట్టుకోవడం ఎలా

ముందు ఉచిత పరీక్ష. లెన్స్‌ని ఇన్ఫినిటీ దగ్గర పూర్తిగా ఆపి, చాలా దూరంలో ఉన్న సెల్ టవర్‌నో గోపురాన్నో మాగ్నిఫయర్‌తో చూడండి. ఫైండర్‌లో అది మసకగానే ఉండి, రింగ్ ఇంకా అటు తిరిగితే బాగుండుననిపిస్తే అద్దం కిందికి దిగి ఉండొచ్చు. అలాంటి కెమెరాతో తీస్తే మీరు అనుకున్నదాని వెనకున్నవి స్పష్టంగా వస్తాయి. రింగ్ ఇన్ఫినిటీకి చేరకముందే టవర్ స్పష్టమై, చేరాక మసకబారితే వ్యతిరేకం, అద్దం పైకి ఉంది, ఫోకస్ ముందుకి పడుతుంది. స్క్రీన్ తిరగబడి ఉన్నా ఫోకస్ తప్పుతుంది, గరుకు వైపు కిందికి, అంటే అద్దం వైపు ఉండాలి. శుభ్రం చేస్తూ తిరగేసి పెట్టేయడం చాలా మామూలు.

తర్వాత ఫిల్మ్ పరీక్ష. దినపత్రికని ఒక అట్టకి అంటించి 45 డిగ్రీల వాలులో నిలబెట్టండి, మధ్యలో ఒక లైన్ కింద పెన్నుతో గీత గీయండి. ట్రైపాడ్, మీటరు పైచిలుకు దూరం, అపెర్చర్ పూర్తిగా తెరిచి ఆ గీత మీద ఫోకస్ చేసి తీయండి. మూడు ఫ్రేములు, ప్రతిసారీ ఫోకస్ చెడగొట్టి మళ్లీ చేయండి. నెగెటివ్‌ని లైట్ ప్యాడ్ మీదో ఫోన్ తెల్ల స్క్రీన్ మీదో పెట్టి లూప్‌తో (చిన్న భూతద్దంతో) చూడండి. మూడింట్లోనూ తప్పు ఒకేవైపు పడితే కెమెరాది, అటూఇటూ పడితే మన కంటిది. ఒక లెన్స్‌తోనే తప్పితే లెన్స్‌ని, ఒక మ్యాగజైన్‌తోనే తప్పితే మ్యాగజైన్‌ని అనుమానించండి. అన్నిటితో ఒకేలా తప్పితే స్క్రీన్ గాని అద్దం గాని.

అద్దం కోణం సరిచేసే స్క్రూలు కొన్ని బాడీల్లో కనిపిస్తాయి. కొలిచే పరికరం లేకుండా వాటిని తిప్పవద్దు, ఇది నా గట్టి సలహా.

అద్దం తుడవడం

ఈ అద్దాలకి పూత గాజు ముందువైపే ఉంటుంది, బాత్‌రూమ్ అద్దంలా వెనక కాదు. చొక్కా కొంగుతో ఒక్కసారి రుద్దితే శాశ్వతంగా గీతలు. అసలు అద్దం మీద దుమ్ము ఫొటోలో రాదు, ఫైండర్‌లో కనిపిస్తుంది అంతే. కాబట్టి రబ్బరు బ్లోయర్‌తో ఊది వదిలేయండి. నోటితో ఊదితే తుంపర పడుతుంది. వేలిముద్రలాంటిది ఉండి తీరా తుడవాల్సి వస్తే లెన్స్ టిష్యూని డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి, వేలు ఆనించకుండా దాని బరువుతోనే ఒకవైపుకి లాగండి, ప్రతిసారీ కొత్త టిష్యూ. ఫంగస్ వలలా పాకి పూతని తినేసి ఉంటే తుడిచినా రాదు, అద్దం మార్చాలి.

మార్చే పని యాషికా మ్యాట్, రోలీకార్డ్ లాంటి జంట లెన్సుల కెమెరాల్లో ఇంట్లో చేయదగ్గది, ఎందుకంటే వాటిలో అద్దం కదలదు. మన ఊళ్లలో పాత స్టూడియోల నుంచి వచ్చే యాషికాల్లో అద్దం మసకబారి ఉండడం మామూలే. ఫైండర్ హుడ్ స్క్రూలు తీస్తే కింద క్లిప్పులతో బిగించి ఉంటుంది. పాతదాని మందం కొలిచి అంతే మందమున్న ఫ్రంట్ సర్ఫేస్ అద్దం తెప్పించండి. వచ్చినదానికి పెన్సిల్ మొన అంచున ఆనించి చూడండి: మొన, దాని ప్రతిబింబం ఒకదానికొకటి తాకితే సరైనది, మధ్యలో ఖాళీ ఉంటే మామూలు అద్దం అంటగట్టారు, ఫైండర్‌లో బొమ్మ రెండుగా కనిపిస్తుంది. బిగించాక సెల్ టవర్ పరీక్ష మళ్లీ చేయండి.

మెకానిక్‌కి పంపేటప్పుడు

కాక్ చేయగలిగితే చేసి పంపండి, బ్యాటరీ తీసేయండి, అద్దం గదిలో దూది గాని టిష్యూ గాని కుక్కకండి. ఫోకస్ సమస్య అయితే బాడీతో పాటు ఆ లెన్స్, ఆ మ్యాగజైన్, ఆ స్క్రీన్ అన్నీ కలిపి పంపాలి, ఒట్టి బాడీ పంపితే ఆయన దేనితో పోల్చి చూస్తాడు? పరీక్ష నెగెటివ్ ఒకటి కవర్‌లో పెట్టండి. చీటీ మీద "అద్దం పని చేయడంలేదు" అని కాకుండా ఏ లెన్స్‌తో, ఏ స్పీడ్‌లో, బటన్ నొక్కాక అద్దం ఎక్కడ ఆగుతోంది, ఆ ముందు మీరు ఏమేం విప్పారు అనేది దాచకుండా రాయండి.